వృషణాల నొప్పి, వాపు: బుడ్డ అని వదిలేయొద్దు, అయిదు రోజుల బిళ్ళలతో సరిపెట్టొద్దు

వంశధార_వార్డు · గుణుపూర్

గుణుపూర్, పర్లాకిమిడి, కాశీనగరం పక్కన చూసినా, అటు సిరొంచలో చూసినా ఒకటే వరస. బీజాల్లో నొప్పి, వాపు అనగానే ఇంట్లో "బుడ్డ దిగింది" అంటారు. వీధి చివర ఆర్‌ఎంపీ ఒక డైక్లోఫెనాక్ సూది వేసి, అయిదు రోజులకి సిప్రోఫ్లాక్సాసిన్ రాసిస్తాడు. నొప్పి కాస్త తగ్గితే అక్కడితో సరి. తగ్గకపోతే సిగ్గుపడి ఇంకో వారం దాచుకుంటారు. ఈ పద్ధతిలో కొందరికి బీజం పోతోంది, కొందరికి క్షయ నెలల తరబడి దొరక్కుండా ఉండిపోతోంది.

పల్లెలో ఆశా కార్యకర్త, మందుల షాపు కుర్రాడు, ఇంట్లో పెద్దవాళ్ళు చదివి వాడుకునేలా ఎవరికి తెలిసింది వాళ్ళు వివరంగా రాయండి. ముందు మహేంద్రతనయ డాక్టర్ గారు మెలి గురించి, అంటే బీజం తాడు మెలిపడటం గురించి చెప్పాలి. మిగతావాటికి రోజుల గడువు ఉంటుంది, దానికి గంటలే.

మహేంద్రతనయ · పర్లాకిమిడి

అవును, అక్కడే మొదలుపెట్టాలి. పాతికేళ్ళ లోపు వాడికి, ముఖ్యంగా 12 నుంచి 18 ఏళ్ళ పిల్లాడికి, ఉన్నట్టుండి ఒక పక్క బీజంలో తీవ్రమైన నొప్పి వస్తే అది మెలి కాదని రుజువయ్యేదాకా మెలిగానే చూడాలి. బీజానికి రక్తం తెచ్చే తాడు మెలిపడి రక్తం ఆగిపోతుంది. 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే 90 శాతం పైగా బీజాలు దక్కుతాయి. 12 గంటలు దాటితే సగం. 24 గంటలు దాటాక పదింట ఒకటి దక్కడమే గగనం.

తేడా ఎలా తెలుస్తుంది? మెలిలో నొప్పి నిమిషాల్లో పతాకస్థాయికి పోతుంది, చాలామందికి వాంతులు అవుతాయి, జ్వరం సాధారణంగా ఉండదు, మూత్రంలో మంట ఉండదు. ఆ పక్క బీజం పైకి ఎక్కి, అడ్డంగా తిరిగి కనిపిస్తుంది. తొడ లోపలి వైపు చర్మాన్ని వేలితో మెల్లగా గీస్తే మామూలుగా అదే పక్క బీజం పైకి లేవాలి, మెలిలో లేవదు. అయితే లేచింది కదా అని మెలి లేదని ధైర్యం చెప్పకండి. ఇన్ఫెక్షన్‌లో నొప్పి ఒకటి రెండు రోజుల్లో మెల్లగా పెరుగుతుంది, బీజం వెనక భాగంలో మొదలవుతుంది, చాలాసార్లు జ్వరం గానీ మూత్రంలో మంట గానీ ఉంటాయి.

చేత్తో ఎత్తి పట్టుకుంటే నొప్పి తగ్గితే ఇన్ఫెక్షన్, తగ్గకపోతే మెలి అని పాత పుస్తకాల్లో ఉంటుంది. దాని మీద నిర్ణయం తీసుకోవద్దు, చాలాసార్లు తప్పుతుంది.

ఇంకొకటి. నొప్పి వచ్చి, దానంతటదే పోయి, మళ్ళీ వస్తే "తగ్గిపోయిందిలే" అనుకోకూడదు. మెలి పడి విడిపోతున్నట్టు. తర్వాతి సారి విడిపోకపోవచ్చు.

వంశధార_వార్డు · గుణుపూర్

పంపించేటప్పుడు చేయాల్సినవి నేను కలుపుతాను. నొప్పి మొదలైన గంట కాగితం మీద రాయాలి, "నిన్న రాత్రి" అని కాదు, "రాత్రి 2 గంటలకు" అని. ఆపరేషన్ అవసరం పడొచ్చు గనక దారిలో అన్నం, టీ, కొబ్బరినీళ్ళు ఏమీ పెట్టకూడదు. వేడి కాపడం వద్దు. పసరు, సున్నం, బామ్ రాస్తే అక్కడి పల్చని చర్మం కాలి బొబ్బలెక్కుతుంది, పైగా డాక్టర్‌కి లోపల ఏముందో తెలియకుండా పోతుంది. దగ్గర్లోని ఆస్పత్రిలో సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరూ ఉన్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. లేకపోతే అక్కడ ఆగకుండా నేరుగా బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, శ్రీకాకుళమో, ఏది ముందు చేరగలిగితే అక్కడికి. సిరొంచ వాళ్ళకి గడ్చిరోలి కంటే కాళేశ్వరం వంతెన దాటి వరంగల్ పోవడమే సులువు కావచ్చు, అది ప్రాణహిత అన్న చెప్పాలి.

ప్రాణహిత_ల్యాబ్ · సిరొంచ

వానాకాలం అయితే ఆలపల్లి రోడ్డు మీద వాగులు పొంగుతయి, అందుకే చాలామంది వంతెన దాటి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి దిక్కే పోతరు. ఒక మాట డాక్టర్ సాబ్, డాప్లర్ స్కాన్ కోసం అని కొన్ని చోట్ల గంటలకొద్దీ కూసోబెడ్తరు. అది అవసరమేనా?

మహేంద్రతనయ · పర్లాకిమిడి

స్కాన్ వెంటనే అదే ఆవరణలో దొరికితే మంచిదే. మెలిలో రక్తప్రవాహం ఉండదు లేదా బాగా తగ్గిపోతుంది, ఇన్ఫెక్షన్‌లో మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. కానీ లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు స్కాన్ కోసం ఇంకో ఊరు పంపడం తప్పు. తెరిచి చూసి మెలి లేకపోతే పిల్లాడికి ఒక చిన్న కుట్టు మచ్చ మిగులుతుంది. తెరవకుండా కూర్చుంటే బీజం పోతుంది. మెలి విప్పాక రెండో పక్క బీజాన్ని కూడా కుట్టి నిలబెట్టాలి, ఎందుకంటే ఆ వదులు రెండు పక్కలా ఉంటుంది.

ఇలాగే ఆగకూడనివి ఇంకో రెండు. గజ్జలోంచి బీజాల సంచిలోకి దిగిన ఉబ్బు గట్టిపడి, లోపలికి వెళ్ళక, వాంతులు అవుతుంటే అది ఇరుక్కున్న హెర్నియా. షుగరు ఉన్నవాడికి గానీ మద్యం బాగా అలవాటున్నవాడికి గానీ సంచి చర్మం నల్లబడటం, దుర్వాసన, నొక్కితే కరకరమనడం ఉంటే ఫోర్నియర్ గ్యాంగ్రీన్. కుళ్ళిన భాగం అదే రోజు కోసి తీయాలి, యాంటీబయాటిక్ ఒక్కదానితో ఆగదు.

బరంపురం_నర్సింగ్ · బరంపురం

సర్, అసలైన ఇన్ఫెక్షన్ విషయానికి వస్తే, 35 ఏళ్ళ గీత గురించి తరగతిలో చెప్తారు. ఆ లోపు వాళ్ళకి సుఖవ్యాధి క్రిములు, ఆ పైవాళ్ళకి మూత్రం క్రిములు అని. దాన్ని అలాగే పట్టుకోవచ్చా?

మహేంద్రతనయ · పర్లాకిమిడి

మొదటి అంచనాకి పనికొస్తుంది బాబూ, తీర్పుకి పనికిరాదు. బీజం వెనక దారపు ఉండలా చుట్టుకుని ఉండే సన్నని గొట్టమే ఎపిడిడైమిస్. క్రిములు చాలావరకు మూత్రనాళం నుంచి వీర్యనాళం గుండా వెనక్కి పాకి ముందు అక్కడ దిగుతాయి, తర్వాత బీజానికి అంటుతాయి. అందుకే "బీజానికి ఇన్ఫెక్షన్" అని వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఉన్నది ఎపిడిడైమో-ఆర్కైటిస్.

పెళ్ళయినా కాకపోయినా లైంగిక సంబంధాలు ఉన్న యువకుల్లో క్లామిడియా, గనేరియా ముందుంటాయి. నడివయసు దాటినవాళ్ళలో ఇ.కోలై లాంటి పేగుల క్రిములు, వాటి వెనక ప్రోస్టేట్ పెరిగి మూత్రం మిగిలిపోవడమో, క్యాథెటర్ ఉండటమో, ఈ మధ్య మూత్రమార్గంలో ఏదైనా పరికరం పెట్టడమో కారణంగా ఉంటుంది. మలద్వార సంభోగం ఉన్న యువకుడికి పేగుల క్రిములు కూడా రావచ్చు. యాభై ఏళ్ళవాడికి కొత్త సంబంధం ఉంటే గనేరియా రాదని ఏమీ లేదు. వయసు అడిగి ఊరుకోకుండా, గది తలుపు వేసి సూటిగా అడగాలి. చిన్నపిల్లాడికి మూత్రం ఇన్ఫెక్షన్‌తో పాటు బీజం వాస్తే మూత్రమార్గం పుట్టుకతోనే సరిగా ఉందో లేదో స్కాన్ చేయించాలి.

మన పక్క ఈ రెండు గుంపులకి తోడు క్షయ, ఫైలేరియా (బోదకాలు), అక్కడక్కడ పశువుల నుంచి అంటే బ్రూసెల్లా, కుష్ఠు కూడా ఉన్నాయి. ఆ చివరిది చాలామంది మర్చిపోతారు. ఎండీటీ (కుష్ఠుకి కలిపి ఇచ్చే మందులు) వాడుతున్న కుష్ఠు రోగికి జ్వరంతో, ఒంటిమీద నొప్పి గల ఎర్రని గడ్డలతో, బీజం వాస్తే అది రెండో రకం రియాక్షన్. ఎండీటీ ఆపకూడదు. డాక్టర్ చేతి మీదుగా ప్రెడ్నిసొలోన్ వెంటనే మొదలవ్వాలి, ఆలస్యమైతే బీజం చిక్కిపోతుంది.

ప్రాణహిత_ల్యాబ్ · సిరొంచ

మా దిక్కు నుంచి ఒక్కటే గట్టిగ చెప్తున్న: మొదటి గోలీ మింగకముందే మూత్రం పట్టాలె. ఒక్క డోసు పడ్డా కల్చర్‌ల, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షల, క్రిమి పెరగకపోవచ్చు, రిపోర్ట్‌ల చీముకణాలు మాత్రం కనపడ్తయి, అప్పుడు ఎటూ తేల్చలేం.

రెండు డబ్బాలు కావాలె. ఒకటి క్లామిడియా, గనేరియా పరీక్షకు. కనీసం ఒక గంట, వీలైతే రెండు గంటలు మూత్రం ఆపుకొని, కడుక్కోకుండ, మొట్టమొదట వచ్చే 20 మి.లీ. లోపు పట్టాలె. ఈ పరీక్ష చిన్న ఊర్లల్ల దొరకది, జిల్లా ఆస్పత్రికో మెడికల్ కాలేజీకో పోవాలె. మూత్రనాళంల చీము కారుతుంటే స్లైడ్ మీద గ్రామ్ స్టెయిన్ చేసి కూడ గనేరియా పట్టొచ్చు, అది ఎక్కడైన అయితది.

రెండోది కల్చర్‌కు. నీళ్ళతోటి కడుక్కొని, ముందు ధార వదిలేసి, నడుమ ధార 20, 30 మి.లీ. స్టెరైల్ డబ్బాల పట్టి మూత బిగించాలె. మూత లోపలి వైపు వేలు తగలొద్దు. 2 గంటల్ల ల్యాబ్ చేరాలె. చేరకపోతే ఫ్రిజ్‌ల 4 డిగ్రీల దగ్గర 24 గంటల దాక ఆగుతది. మే నెలల సంచిల పెట్టుకొని బస్సుల పోతే క్రిములు డబ్బాలనే పెరిగి లెక్క తప్పయితది. బోరిక్ యాసిడ్ వేసిన డబ్బా దొరికితే ఆ బాధ తక్కువ. ఐస్ ప్యాక్ పెట్టి పంపాలె గానీ టీకాల క్యారియర్‌ల మాత్రం పెట్టొద్దు, అది టీకాలకే.

కల్చర్ రిపోర్ట్ రెండు మూడు రోజులకు వస్తది. అందుకే మందు ఆపుకొని కూసోవద్దు, సాంపుల్ ఇచ్చినంక మొదలుపెట్టాలె. రిపోర్ట్ వచ్చినంక మందు మార్చాల్సొస్తే మార్చాలె. రిపోర్ట్ తెచ్చుకోనికె రాకపోతే అంతా వృథా.

మందులచిట్టీ · రాయగడ

మందుల సంగతి. డాక్టర్ రాసిన చీటీ లేకుండా ఇవి కొనుక్కోమని రాయట్లేదు, రాసిన చీటీ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి, సరిగ్గా వాడటానికి.

సుఖవ్యాధి క్రిములని అనుమానం ఉంటే సెఫ్‌ట్రయాక్సోన్ 500 మి.గ్రా. కండలోకి ఒక్కసారి, దాంతో డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకి రెండు, 10 రోజులు. పేగుల క్రిములని అనుకుంటే లెవోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. రోజుకొకటి 10 రోజులు. రెండు రకాలకీ అవకాశం ఉంటే సెఫ్‌ట్రయాక్సోన్ సూది, లెవోఫ్లాక్సాసిన్ కలిపి ఇస్తారు. మన దేశంలో ఇ.కోలై ఈ ఫ్లాక్సాసిన్ జాతి మందులకి చాలావరకు మొండికేసింది కాబట్టి పెద్దవయసు వాళ్ళకి కల్చర్ లేకుండా నడపడం గుడ్డిగా నడపడమే.

ఎక్కువగా జరిగే పొరపాటు: మూత్రంలో మంట ఉంది కదా అని నైట్రోఫ్యూరాంటాయిన్ గానీ ఒక్క పొట్లం ఫాస్ఫోమైసిన్ గానీ ఇచ్చేయడం. మూత్రకోశంలో మంటకి అవి మంచి మందులే. ఎపిడిడైమిస్ కండలోకి నైట్రోఫ్యూరాంటాయిన్ చికిత్సకు చాలినంత చేరదు, ఫాస్ఫోమైసిన్ ఒక్క డోసు సరిపోదు. మంట తగ్గుతుంది, వాపు అలాగే ఉంటుంది. అలాగే మూత్రనాళంలో చీముకి ఒక్కసారి మింగించే మాత్రలు వాపు వచ్చాక చాలవు, కోర్సు పూర్తిగా నడవాల్సిందే.

డాక్సీసైక్లిన్‌ని నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని మింగాలి. మింగాక అరగంట పడుకోకూడదు, గొంతు కింద గొట్టంలో అతుక్కుని పుండు పడుతుంది. రాత్రి పడుకునే ముందు వేసుకునేవాళ్ళకే ఈ బాధ ఎక్కువ, రాత్రి భోజనం అయిన వెంటనే వేసుకోవడం మేలు. ఎండలో పొలం పని చేసేవాళ్ళు చేతులు, మెడ కప్పుకోవాలి. డాక్సీ, లెవో రెండింటికీ పాలు, పెరుగు, ఐరన్ బిళ్ళ, గ్యాస్‌కి వాడే యాంటాసిడ్ కనీసం 2 గంటలు దూరం. గ్యాస్ సిరప్‌తో కలిపి మింగితే మందు కడుపులోనే కట్టుబడిపోతుంది, ఒంటికి పట్టదు. లెవో వాడుతుండగా మడమ వెనక నరం లాగినట్టు నొప్పి వస్తే మందు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. షుగరు బిళ్ళలు వాడేవాళ్ళకి చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, జేబులో బెల్లం ముక్కో చక్కెరో ఉండాలి.

నొప్పికి పారాసిటమాల్ 650 మి.గ్రా. రోజుకి మూడు సార్లు. వాపుకి ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. మూడు పూటలు భోజనం తర్వాత, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్ళకి వద్దు. డెక్సామెథాసోన్ సూది కలిపి పొడిచే అలవాటు ఆగాలి. వాపు పైకి అణిగి లోపల చీము ముదురుతుంది.

ఒడిశాలో ప్రభుత్వ ఆస్పత్రి నిరామయ కౌంటర్‌లో ఇలాంటి మందులు డబ్బు లేకుండా ఇస్తారు. చీటీ మీద రోజులు స్పష్టంగా రాయించుకోండి. కౌంటర్‌లో మూడు రోజులకే ఇస్తే మిగతావాటికి మళ్ళీ వెళ్ళాలి, మూడు రోజులతో కోర్సు అయిపోయినట్టు కాదు.

వంశధార_వార్డు · గుణుపూర్

ఇంట్లో చేయాల్సింది చాలా తేలిక, కానీ ఎవరూ చెప్పరు. మొదటి రెండు మూడు రోజులు పడుకుని, తొడల మధ్య తువ్వాలు చుట్టి ఉంచి, సంచి దాని మీద ఎత్తుగా ఆనేలా పెట్టాలి. లేచి తిరిగేటప్పుడు లంగోటీ గానీ బిగువైన లోదుస్తు గానీ వేసుకోవాలి. లుంగీ మీద వదులుగా వేలాడనిస్తే ప్రతి అడుగుకీ గుంజుతుంది. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి 10, 15 నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. నేరుగా చర్మానికి ఆనించొద్దు. బస్తాలు మోయడం, సైకిల్, మోటార్ సైకిల్ వాపు తగ్గేదాకా ఆపాలి.

నొప్పి, జ్వరం 3 రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. వాపు, గట్టిదనం మాత్రం వారాల తరబడి ఉంటాయి, అంత మాత్రాన మందు పనిచేయలేదని కాదు. కానీ 72 గంటల తర్వాత కూడా నొప్పి, జ్వరం అలాగే ఉంటే చీము పట్టిందా, మందు తప్పిందా, మొదట్లోనే మెలిని పొరబడ్డామా అని మళ్ళీ మొదటినుంచి చూడాలి.

ఇంట్లో క్యాథెటర్‌తో ఉన్న పెద్దాయనకి: మూత్రం పట్టే సంచి ఎప్పుడూ మూత్రకోశం కంటే కిందనే ఉండాలి, మంచం మీద పక్కన పెట్టకూడదు, నేలకి ఆనకూడదు. మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చేయాలి. గొట్టం జాయింటు విప్పి కడగడం వల్లే క్రిములు లోపలికి వెళ్తాయి, అది మూసే ఉండాలి. గొట్టం లోపలికి వెళ్ళే చోట రోజూ సబ్బునీళ్ళతో కడిగితే చాలు, డెట్టాల్ అక్కర్లేదు. మార్చాల్సిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి.

కొలాబ్_క్షయ · జయపురం

మందులచిట్టీ గారు లెవోఫ్లాక్సాసిన్ గురించి రాశారు, దానికి ఒక ముఖ్యమైన హెచ్చరిక చేర్చాలి. క్షయ క్రిమి మీద కూడా అది కొంత పనిచేస్తుంది. క్షయ వల్ల వాచిన ఎపిడిడైమిస్ లెవోతో కాస్త మెత్తబడి, రెండు వారాలకి మళ్ళీ పెరుగుతుంది. ఇంకో కోర్సు, మళ్ళీ అదే. ఇలా నెలలు గడిచిపోతాయి, పరీక్షలో క్రిమి దొరకడం కూడా కష్టమవుతుంది. ఒక కోర్సు సరిగ్గా వాడాక వాపు పోకపోతే రెండో యాంటీబయాటిక్ వద్దు, క్షయ పరీక్ష కావాలి.

ఎలాంటివాళ్ళలో అనుమానించాలి? వాపు మెల్లగా వారాల్లో పెరగడం, నొప్పి తక్కువగా ఉండటం, పైన వీర్యనాళం వేళ్ళకి పూసల దండలా గరుకుగా తగలడం, సంచి వెనక వైపు చిన్న రంధ్రం పడి పల్చని చీము ఊరుతూ మానకపోవడం. మూత్రంలో చీముకణాలు ఉండి కల్చర్‌లో ఏమీ పెరగకపోవడం ఇంకో ఆనవాలు. దగ్గు ఉండాలనేమీ లేదు. అయినా ఛాతీ ఎక్స్‌రే తీయించాలి.

తెల్లవారి మొదటి మూత్రం మూడు రోజులు వరసగా ఇవ్వాలి, క్షయ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షలోనో ట్రూనాట్ పరీక్షలోనో చూస్తారు. రంధ్రం నుంచి వచ్చే చీము ఉంటే అది ఇంకా మంచి సాంపుల్.

చికిత్స 6 నెలలు: మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు మందులు, బరువును బట్టి మాత్రల సంఖ్య. ప్రభుత్వంలో మందు పూర్తిగా ఉచితం. ప్రభుత్వ క్షయ నమోదు వ్యవస్థ నిక్షయ్‌లో పేరు నమోదు చేయిస్తే పోషణకి నెలకి 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి, 2024 నవంబరు దాకా అది 500 ఉండేది. కూలికి హైదరాబాదో చెన్నైయో వెళ్ళాల్సి వస్తే మందు మానక్కర్లేదు, నిక్షయ్ ఐడీ చెబితే అక్కడి కేంద్రానికి బదిలీ చేస్తారు. మూత్రం నారింజ రంగులోకి మారితే భయపడొద్దు, అది రిఫాంపిసిన్ రంగు.

ప్రాణహిత_ల్యాబ్ · సిరొంచ

సర్జన్లకు విన్నపం. బయాప్సీ ముక్కనో చీమునో మొత్తం ఫార్మలిన్‌ల ముంచి పంపుతరు. ఫార్మలిన్ పడ్డంక కల్చర్‌ల ఏదీ పెరగది, సీబీనాట్‌కూ ఆ సాంపుల్ తీస్కోరు. ఒక ముక్క ఫార్మలిన్‌ల, ఒక ముక్క ఉత్త సెలైన్ వేసిన స్టెరైల్ డబ్బాల. రెండు డబ్బాల మీద పేరు డబ్బాకే రాయాలె, మూతకు కాదు.

పశుసంరక్షణ · అహేరి

మేకలు, గొర్రెలు, ఆవులు మేపేవాళ్ళల్లో బ్రూసెల్లా గుర్తుంచుకోవాలి. పశువు నెలలు నిండకముందే ఈనితే ఆ మాయను వట్టి చేతుల్తో తీసినవాళ్ళకు, పచ్చిపాలు తాగేవాళ్ళకు ఇది అంటుతుంది. జ్వరం వచ్చి పోయి మళ్ళీ వస్తుంది, సాయంత్రం చెమటలు, నడుం నొప్పి, కీళ్ళ నొప్పులు, వాటితో పాటు ఒక బీజం వాపు. పశువుల సంగతి రోగి చెప్పడు, డాక్టర్ అడగడు, అక్కడే జబ్బు జారిపోతుంది. అడగాల్సింది ఒకే ప్రశ్న: "మీ మందలో ఈ ఏడాది ఎన్ని ఈసుకుపోయినయి?"

మనుషులకు చికిత్స డాక్సీసైక్లిన్‌తో పాటు రిఫాంపిసిన్ 6 వారాలు. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. నివారణ మా చేతుల్లో, మీ చేతుల్లో ఉంది: పాలు పొంగేదాకా కాచాలి, మాయ తీసేటప్పుడు చేతికి తొడుగు వేయాలి, పడిపోయిన పిండాన్ని, మాయను కుక్కలకు వేయకుండా సున్నం వేసి లోతుగా పూడ్చాలి. 4 నుంచి 8 నెలల ఆడ దూడలకు, పడ్డలకు జాతీయ కార్యక్రమంలో జీవితానికి ఒక్కసారి టీకా ఉచితంగా వేస్తారు. టీకా మందు పొరపాటున మనిషికి గుచ్చుకున్నా జబ్బు వస్తుంది గనక అది మేమే వేయాలి, మీరు వేయొద్దు.

కొలాబ్_క్షయ · జయపురం

పశుసంరక్షణ గారు చెప్పిన దానిలో ఒక మెలిక. రిఫాంపిసిన్ క్షయకీ మందే. క్షయ లేదని తేల్చుకోకుండా బ్రూసెల్లాకని 6 వారాలు రిఫాంపిసిన్ ఇస్తే క్షయ క్రిమి మొండిదవుతుంది. ముందు క్షయ పరీక్ష, తర్వాతే అది.

దోమతెర · గోపాల్‌పూర్

సముద్రం ఒడ్డు వాడల్లో, గంజాం పల్లెల్లో, అటు గడ్చిరోలి, చంద్రపూర్‌లలో కూడా ఫైలేరియా ఉన్న చోట్ల దీన్ని వదిలేసి మాట్లాడలేం. ఫైలేరియా పురుగులు మగవాళ్ళలో ఎక్కువగా కాపురం ఉండేది బీజాల పైని శోషరస నాళాల్లోనే. పురుగు చచ్చినప్పుడల్లా జ్వరం, చలి, తాడు పొడవునా నొప్పి, వాపు వచ్చి కొన్ని రోజులకి తగ్గుతుంది. ఇలా వచ్చి పోతూ చివరికి నీరు నిలిచి బుడ్డ అవుతుంది. నిలవ బుడ్డకి నొప్పి ఉండదు, చీకట్లో టార్చి వెనక పెడితే ఎర్రగా వెలుగుతుంది.

రక్తపరీక్ష రాత్రి 8:30 నుంచి 12 మధ్య తీస్తేనే పురుగు పిల్లలు కనిపిస్తాయి. పగలు తీసి "లేదు" అంటే నమ్మొద్దు. కిట్ పరీక్ష అయితే ఏ వేళైనా సరే. మంచి అల్ట్రాసౌండ్ తీసేవాళ్ళకి బతికున్న పురుగులు నాళంలో మెలికలు తిరుగుతూ తెరమీదే కనిపిస్తాయి.

ఏటా ఊళ్ళో పంచే మందు పదిహేనేళ్ళు దాటినవాళ్ళకి ఫైలేరియా మందు డీఈసీ 300 మి.గ్రా., ఆల్బెండజోల్ 400 మి.గ్రా. కొన్ని జిల్లాల్లో దానికి ఐవర్మెక్టిన్ కూడా కలుపుతారు. అన్నం తిన్నాక, కార్యకర్త ఎదురుగానే మింగాలి. గర్భిణులు, రెండేళ్ళ లోపు పిల్లలు, మంచాన పడ్డ రోగులు తీసుకోకూడదు. మందు వేసుకున్న కొన్ని రోజుల్లో బీజాల పైన చిన్న నొప్పి గడ్డ తగలొచ్చు, జ్వరం రావచ్చు. లోపలి పురుగు చస్తోందని దానర్థం, పారాసిటమాల్ వేసుకుంటే తగ్గుతుంది. ఇది చూసి భయపడి మరుసటి ఏడు వాడంతా మందు మానేస్తుంది, అదే అసలు నష్టం.

జ్వరం, వాపు ఎగిసిపడుతున్న రోజుల్లో డీఈసీ కొత్తగా మొదలుపెట్టకూడదు, అణిగాక ఇవ్వాలి. ఇంకా, బుడ్డలో నీరు సూదితో తీయించుకోకండి. నెలల్లో మళ్ళీ నిండుతుంది, సూదివెంట చీము పట్టొచ్చు. దానికి ఆపరేషనే దారి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా చేస్తారు. ఈ దోమ మురుగునీళ్ళలో పెరుగుతుంది కాబట్టి సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి దోమజాలి కట్టడం, కాలువ పూడిక తీయడం ఇంటి ముందు పొగ వేయడం కంటే ఎక్కువ పని చేస్తాయి.

సురక్ష_అక్క · బరంపురం

సుఖవ్యాధి క్రిమి వల్ల వచ్చినప్పుడు ఒక్కడికి మందు ఇస్తే సగం పనే. నొప్పి మొదలైన రోజు నుంచి వెనక్కి 60 రోజుల్లో సంబంధం ఉన్న ప్రతివాళ్ళకీ పరీక్ష, మందు అందాలి. ఆడవాళ్ళకి క్లామిడియా చాలాసార్లు ఏ లక్షణమూ చూపించదు, లోపల గర్భనాళాలు మూసుకుపోయాకే తెలుస్తుంది. "ఆమె బాగానే ఉంది కదా" అనే మాట ఇక్కడ చెల్లదు. కోర్సు పూర్తయి, లక్షణాలు పోయి, భాగస్వామి కోర్సు కూడా అయ్యేదాకా కలవకూడదు, ఇద్దరిదీ అయ్యాక ఇంకో 7 రోజులు ఆగితే మంచిది.

భర్త సూరత్‌లో మగ్గాల మీద ఉండి భార్య ఊళ్ళో ఉంటే ఫోన్‌లో చెప్పడానికి నోరు రాదు. అలాంటప్పుడు క్లినిక్‌లో భాగస్వామి చీటీ అడగండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఎక్కడ ఉన్నా, అక్కడ చూపితే మందు ఇస్తారు, ఎవరి నుంచి వచ్చిందని రచ్చ చేయరు. అదే రోజు ఐసీటీసీలో (ప్రభుత్వ సలహా, పరీక్షా కేంద్రంలో) హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్ష కూడా చేయించుకోవాలి. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. ముందు మాట్లాడాలనుకుంటే 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. కండోమ్ మొదటినుంచి చివరిదాకా వాడితేనే కాపు, మధ్యలో తొడిగితే కాదు.

బరంపురం_నర్సింగ్ · బరంపురం

అక్కా, ధన్యవాదాలు. డాక్టర్ గారూ, గవదబిళ్ళల సంగతి మిగిలింది. హాస్టళ్ళలో వచ్చినప్పుడు పెద్దపిల్లలకి యాంటీబయాటిక్ రాసేస్తున్నారు.

మహేంద్రతనయ · పర్లాకిమిడి

గవదబిళ్ళలు వైరస్. యాంటీబయాటిక్‌కి అక్కడ పని లేదు. యుక్తవయసు వచ్చినవాళ్ళలో 15 నుంచి 30 శాతం మందికి, దవడ వాచిన 4 నుంచి 8 రోజులకి బీజం వాస్తుంది. ఎక్కువమందికి ఒక పక్కే. పదేళ్ళ లోపు పిల్లల్లో ఇది అరుదు. పడక, లంగోటీ, ఐస్, పారాసిటమాల్ చాలు. వాచిన బీజం తర్వాత కొంత చిన్నదవొచ్చు, అయినా పిల్లలు పుట్టకపోవడం అరుదే. రెండు పక్కలా వస్తే మూడు నెలలు ఆగి వీర్యపరీక్ష చేయించాలి. అంతకు ముందు చేస్తే జ్వరం ప్రభావం వల్ల తక్కువగా వచ్చి ఊరికే బెంగపెడుతుంది.

దవడ వాచినప్పటినుంచి 5 రోజులు హాస్టల్లో విడిగా ఉంచాలి, గ్లాసు, కంచం వేరు. ప్రభుత్వ టీకాల్లో వేసేది ఎమ్మార్ (తట్టు, రుబెల్లా), అందులో గవదబిళ్ళల టీకా లేదు. ఎమ్మెమ్మార్ ప్రైవేటుగా వేయించుకోవాలి: 9 నెలలకి, 15 నెలలకి, మళ్ళీ 4 నుంచి 6 ఏళ్ళ మధ్య. చిన్నప్పుడు పడనివాళ్ళు పెద్దయ్యాకైనా రెండు డోసులు వేయించుకోవచ్చు.

మందులచిట్టీ · రాయగడ

చివరిగా ఒకటి సర్. మందులన్నీ సరిగ్గా వాడి, నొప్పి పోయి, నాలుగు వారాలకి కూడా గట్టి గడ్డ మిగిలితే షాపుకొచ్చి "ఇంకో కోర్సు ఇవ్వు" అంటారు.

మహేంద్రతనయ · పర్లాకిమిడి

ఇవ్వకండి. గడ్డ ఎక్కడుందో చూడాలి. బీజం వెనక, ఎపిడిడైమిస్‌లో ఉండి మెల్లగా తగ్గుతుంటే ఇన్ఫెక్షన్ మిగిల్చిన గట్టిదనం కావచ్చు, తగ్గకపోతే కొలాబ్ గారు రాసిన క్షయ దారి పట్టాలి. గడ్డ బీజంలోనే ఉంటే, నొప్పి లేకుండా రాయిలా తగిలితే, ముఖ్యంగా 15 నుంచి 35 ఏళ్ళ వాళ్ళలో, క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. దానికి అల్ట్రాసౌండ్, రక్తంలో ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే క్యాన్సర్ గుర్తుల పరీక్షలు కావాలి. ఆ గడ్డలోకి సూది గుచ్చి నీరు, కణాలు తీయనివ్వకండి. ఆపరేషన్ కూడా సంచి మీద కోసి కాదు, గజ్జలోంచే చేస్తారు. చీటీ మీద "వృషణం గడ్డ, అల్ట్రాసౌండ్ కావాలి" అని రాసి, పాత మందుల చీటీలన్నీ పిన్ను చేసి సర్జన్ దగ్గరికి పంపండి.